‘రూమ్ ఈజ్ క్లీనింగ్’ అంటే ఎందుకు నవ్వారు? పాసివ్ వాయిస్ మీద ఒక సందేహం

రాత్రి_డ్యూటీ (తిరుపతి) · రాత్రి 11:52

అందరికీ నమస్కారం. తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేస్తున్నా. ఈ పొద్దున అయిదున్నరకి ఉత్తరాది నుంచి ఒక కుటుంబం రైలు దిగి వచ్చింది. వాళ్లకి ఇవ్వాల్సిన గది అప్పుడే ఖాళీ అయింది, రూమ్ బాయ్ లోపల ఊడుస్తున్నాడు. వాళ్లని సోఫాలో కూర్చోబెట్టి వాట్సాప్‌లో ‘సర్, యువర్ రూమ్ ఈజ్ క్లీనింగ్, ప్లీజ్ వెయిట్ టెన్ మినిట్స్’ అని పెట్టా. ఆయన ఫోన్ చూసుకుని, భార్యకి చూపించాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత కౌంటర్ దగ్గరికి వచ్చి, ‘రూమ్ ఏం క్లీన్ చేస్తోంది బాబూ?’ అని హిందీలో అడిగాడు. మంచాయనే, ఎగతాళిగా అడగలేదు. కానీ నాకు తల కొట్టేసినట్టయింది.

నాకు పాసివ్ వాయిస్ రాదని కాదు. టెన్త్‌లో ‘రామా కిల్డ్ రావణా’ అని ఇస్తే ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’ అని కళ్లు మూసుకుని రాసేవాణ్ణి. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే మాత్రం అది ఇక్కడ కావాలన్న సంగతే తట్టదు. తెలుగులో ‘రూమ్ క్లీన్ అవుతోంది’ అంటాం కదా, అదే ఇంగ్లీషులో పెట్టా. ఇందులో తప్పు యాడుంది?

పుత్తూరు_కట్టు · రాత్రి 11:58

రూమే చీపురు పట్టుకుని ఊడ్చుకుంటోందంటే మీది మామూలు లాడ్జి కాదు సామీ. అడ్రస్ పెట్టు, మా ఇంటిని కూడా తీసుకొచ్చి ట్రైనింగ్ ఇప్పిస్తా.

ఎస్వీయూ_హాస్టల్ · రాత్రి 12:10

చాలా సింపుల్ అన్నా. ఆబ్జెక్ట్‌ని ముందుకి తే, టెన్స్‌కి తగిన ‘బి’ రూపం పెట్టు, దాని పక్కన వెర్బ్ మూడో రూపం, చివర ‘బై’ పెట్టి పాత సబ్జెక్ట్. రోజూ జరిగేదైతే ‘ఈజ్ క్లీన్డ్’, ఇప్పుడు జరుగుతుంటే ‘ఈజ్ బీయింగ్ క్లీన్డ్’, అయిపోయి ఉంటే ‘హాజ్ బీన్ క్లీన్డ్’, నిన్నటిదైతే ‘వాజ్ క్లీన్డ్’, రేపటిదైతే ‘విల్ బి క్లీన్డ్’. ‘కెన్’, ‘మస్ట్’, ‘షుడ్’ ఉంటే వాటి వెనక ‘బి క్లీన్డ్’. నీ వాక్యం ‘యువర్ రూమ్ ఈజ్ బీయింగ్ క్లీన్డ్ బై ది రూమ్ బాయ్’. ఫ్యూచర్ కంటిన్యువస్‌కీ, పెర్ఫెక్ట్ కంటిన్యువస్‌కీ పాసివ్ ఎవరూ అడగరు, వాటి జోలికి పోవద్దు. మిగతావి రెండు రోజులు ప్రాక్టీస్ చేస్తే వచ్చేస్తాయి.

రాత్రి_డ్యూటీ · రాత్రి 12:14

తమ్ముడూ, ఈ టేబుల్ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. అడిగింది అది కాదు. ఏ వాక్యానికి ఆ టేబుల్ తెరవాలో తెలియడం లేదు.

పాకాల_ఐవోరు · ఉదయం 6:20

ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ అబ్బాయి అడిగింది సరైన ప్రశ్న. నేను చెప్పిన పాఠంలోనే లోపం ఉండేదని రిటైరయ్యాక అర్థమైంది, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా.

ముందు ఆ హాస్టల్ అబ్బాయి వాక్యం. వ్యాకరణంలో తప్పు లేదు. కానీ ‘బై ది రూమ్ బాయ్’ ఎందుకు? రాత్రంతా రైల్లో వచ్చినాయనకి గది ఎప్పుడు చేతికొస్తుందన్నదే ముఖ్యం. ఊడ్చేది ఎవరైతే ఏమి? నిజమైన ఇంగ్లీషులో చాలా పాసివ్ వాక్యాలకి ‘బై’ తోక ఉండదు. చేసినవాడు ఎవరో తెలియకపోతేనో, తెలిసినా అక్కర్లేకపోతేనో కదా చాలాసార్లు ఆ వాక్యం పుట్టేది. పరీక్షలో తోక కోస్తే మార్కు పోతుందని పిల్లలకి భయం. ఆ భయం పెట్టింది మేమే.

ఇక అసలు సంగతి. మేం పాసివ్‌ని ‘బడు’తో చెబుతాం. ‘రావణుడు రాముడి చేత చంపబడెను’ అని బోర్డు మీద రాస్తాం. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? ‘అన్నం నా చేత తినబడింది’ అంటే అమ్మ డాక్టర్ దగ్గరికి తీసుకుపోతుంది. మనకి ‘బడు’ బతికున్నది బోర్డుల మీద. ‘ఇచ్చట చెప్పులు కుట్టబడును’, ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’. కాబట్టి పిల్లవాడి బుర్రలో పాసివ్ అంటే బోర్డు భాష అని ముద్ర పడిపోతుంది. మాట్లాడేటప్పుడు బోర్డు భాష ఎవరికి గుర్తొస్తుంది?

మరి ఆ పని తెలుగులో ఎలా చేస్తున్నాం? మీ వీధిలో నిలబడి వినండి. ‘రోడ్డు తవ్వేశారు’. ఎవరు తవ్వారు? మనం చెప్పం, అవతలివాడు అడగడు. ‘కరెంటు తీసేశారు.’ ‘గుడి బయట నా చెప్పులు ఎత్తుకుపోయారు.’ కర్త లేకుండా క్రియ చివర ఈ ‘ఆరు’ కనబడితే చాలు, ఇంగ్లీషులో పాసివ్ కావాలన్నమాట: ‘ది రోడ్ హాజ్ బీన్ డగ్ అప్’, ‘మై శాండల్స్ వర్ స్టోలెన్’. ‘దే హావ్ డగ్ అప్ ది రోడ్’ కూడా మాటల్లో చెల్లుతుంది. చెప్పుల విషయంలో ‘దే స్టోల్ మై శాండల్స్’ అన్నావనుకో, పోలీసు ‘వాళ్లంటే ఎవరు?’ అని అడుగుతాడు.

రెండోది మీ ‘అవుతోంది’. రూమ్ క్లీన్ అవుతోంది, ఫైల్ రెడీ అవుతోంది, బండి సర్వీస్ అవుతోంది. తెలుగు ‘అవు’ చేసేవాణ్ణి నిశ్శబ్దంగా తప్పిస్తుంది. ఇంగ్లీషు ‘క్లీన్’కి ఆ సౌకర్యం లేదు. అది వస్తే చేసేవాడో, చేయించుకునేదో ఎవరో తేలాలి. ఊడ్చేది గది కాదు, ఊడ్పించుకునేది గది, కాబట్టి ‘ఈజ్ బీయింగ్ క్లీన్డ్’. ‘ఇంగ్’ రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకో నాయనా: వాక్యం మొదట్లో ఉన్నది ఆ పని తానే చేస్తోందా, దాని మీద జరుగుతోందా?

కుప్పం_కోడలు · ఉదయం 7:05

ఐవోరా, మరి ‘రైస్ ఈజ్ కుకింగ్’ అని నా ఇంగ్లీషు పుస్తకంలోనే చూశాను. అన్నం తనంతట తాను వండుకోదు కదా. గది ఊడ్చుకోకూడదు, అన్నం వండుకోవచ్చా?

పాకాల_ఐవోరు · ఉదయం 7:40

పట్టుకున్నావమ్మా. ఇంగ్లీషులో కొన్ని క్రియలు రెండువైపులా నడుస్తాయి. కుక్, బాయిల్, బేక్, ప్రింట్, డౌన్‌లోడ్, ఓపెన్. మనకి ఉడుకు, ఉడికించు అని రెండు మాటలుంటే వాళ్లకి ఒకటే. అన్నం ‘ఉడుకుతోంది’ అన్నప్పుడు ‘ఈజ్ కుకింగ్’, అమ్మ ‘ఉడికిస్తోంది’ అన్నప్పుడూ ‘ఈజ్ కుకింగ్’. ‘బిల్ ఈజ్ ప్రింటింగ్’ అంటే ఎవరూ నవ్వరు. క్లీన్, రిపేర్, వాష్ లాంటివి ఇలా నడవవు, ఎవరో ఒకరు చేయి పెట్టాల్సిందే.

ఇంకో మాట చెబితే మన రిసెప్షన్ అబ్బాయికి ఊరట. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఇల్లు కడుతుంటే ‘ది హౌస్ ఈజ్ బిల్డింగ్’ అనేవాళ్లు, అదే సరైన భాష. ‘ఈజ్ బీయింగ్ బిల్ట్’ అన్న రూపం ఆ శతాబ్దం చివర్లో బయటికొచ్చింది. 19వ శతాబ్దంలో కొందరు వ్యాకరణవేత్తలు దాన్ని వికారమని తిట్టిపోశారు కూడా. అంటే మన అబ్బాయి కాస్త ఆలస్యంగా పుట్టాడంతే.

పుత్తూరు_కట్టు · ఉదయం 7:44

ఐవోరు నా స్కూల్లో ఉండుంటే నేనీపాటికి కలెక్టర్‌ని.

మామిడి_తోట (చిత్తూరు) · ఉదయం 9:15

పాసివ్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. పోయిన సీజన్‌లో ఒక గుజ్జు ఫ్యాక్టరీకి తోతాపురి తోలాను. తూకం చీటీ ఇచ్చారు, డబ్బులివ్వలేదు. నెల తర్వాత మెయిల్ పెడితే జవాబు: ‘యువర్ పేమెంట్ విల్ బి ప్రాసెస్డ్ షార్ట్లీ’. ఎవరు ప్రాసెస్ చేస్తారు? ఏ తారీఖున? ఇంకో నెలకి ‘ది మేటర్ ఈజ్ బీయింగ్ లుక్డ్ ఇంటూ’. చూసేది ఎవరయ్యా? మూడోసారికి ‘యువర్ కన్సర్న్ హాజ్ బీన్ నోటెడ్’. మూడు మెయిళ్లలో మూడు పాసివ్‌లు, ఒక్క మనిషి పేరు లేదు. చివరికి మా అమ్మాయి మెయిల్ రాసింది: ‘ఎవరు, ఏ రోజు, ఎంత మొత్తం పంపుతారో రాయండి’ అని. వారంలో అకౌంట్స్ ఆయన పేరుతో సమాధానం వచ్చింది, పదిహేను రోజుల్లో డబ్బు పడింది. అందుకే మా ఇంట్లో యాక్టివ్ వాయిస్ మాత్రమే.

ఎస్వీయూ_హాస్టల్ · ఉదయం 9:31

కరెక్ట్. కంప్యూటర్లో వ్యాసం టైప్ చేస్తుంటే కూడా పాసివ్ కింద గీత పడి మార్చమంటుంది. పాసివ్ అంటేనే బలహీనం అని చాలామంది చెబుతారు.

చంద్రగిరి_కోట · ఉదయం 10:02

రైతన్న కోపం న్యాయమే. 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఇరాన్ ఆయుధాల వ్యవహారం గురించి చట్టసభలో మాట్లాడుతూ ‘సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్’ అన్నాడు. చేసిందెవరో ఆ వాక్యంలో లేదు. కానీ దానికి పాసివ్ కూడా అక్కర్లేదు. మన ఆఫీసుల్లో ‘పొరపాటు జరిగింది’ అంటారు. అది యాక్టివే, అయినా అందులోనూ మనిషి లేడు.

అయినా పాసివ్ అంటే దాచడమే అనుకుంటే అది సగమే. మా ఊరి కోట విజయనగరాన్ని చివర్లో ఏలిన ఆరవీటి రాజుల రాజధాని. 1639లో వాళ్ల సామంతుడైన దామెర్ల నాయకుడు మద్రాసు స్థలాన్ని ఈస్ట్ ఇండియా కంపెనీకి ఇచ్చాడు. నేను ఆ నాయకుడి గురించి రాస్తుంటే యాక్టివ్‌లో మొదలుపెడతా. మద్రాసు గురించి రాస్తుంటే ‘ది ల్యాండ్ వాజ్ గ్రాంటెడ్ టు ది కంపెనీ’ అంటా. కంపెనీ చరిత్ర రాసేవాడు ‘ది కంపెనీ వాజ్ గ్రాంటెడ్ ది ల్యాండ్’ అంటాడు. ‘గ్రాంట్’, ‘గివ్’ లాంటి వాటికి రెండు ఆబ్జెక్టులు కాబట్టి పాసివ్ కూడా రెండు రకాలుగా వస్తుంది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ దాచడం లేదు, కథ ఎవరిదైతే వాళ్లు ముందుకొచ్చారు. చివర ‘బై దామెర్ల నాయక’ అని పెడితే ఆయన పేరు వాక్యం చివర గట్టిగా మోగుతుంది కూడా.

పాకాల_ఐవోరు · ఉదయం 10:45

చంద్రగిరి సార్ చెప్పిందే నేను చెప్పబోయి మరిచింది. తెలుగులో ఆబ్జెక్ట్‌ని ముందుకి తేవడానికి మనకి పాసివ్ అక్కర్లేదు. ‘రావణుణ్ణి రాముడు చంపాడు’. ‘ణ్ణి’ అన్న చిన్న ముక్క ఉంది కాబట్టి రావణుడు ఎక్కడ నిలబడ్డా చచ్చేది అతనే. ఇంగ్లీషులో ఆ ముక్క లేదు. ‘రావణా కిల్డ్ రామా’ అని తిప్పావో, కథ తలకిందులు. స్థానం మారితే పాత్ర మారిపోతుంది, కాబట్టి రావణుణ్ణి ముందు నిలబెట్టాలంటే క్రియనే మార్చాలి. వాళ్లకి పాసివ్ అంత అవసరం పడింది చాలావరకు ఇందుకే. ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా’కి సరైన తెలుగు ‘చంపబడెను’ కాదు, ‘రావణుణ్ణి చంపింది రాముడు’. ముప్పై ఏళ్లు బోర్డు మీద తప్పు తెలుగు రాశాను.

కుప్పం_కోడలు · మధ్యాహ్నం 1:20

నేను ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నా. మా కాగితాల్లో పాసివ్ లేకుండా పూట గడవదు: ‘పేషెంట్ వాజ్ అడ్మిటెడ్’, ‘ఇంజెక్షన్ వాజ్ గివెన్’. ఎవరు ఇచ్చారో పక్కన సంతకం ఉంటుంది, వాక్యంలో అక్కర్లేదు. మా దగ్గరికి కొత్తగా వచ్చిన పిల్లలు ఇంకో తప్పు చేస్తారు. ‘ది పేషెంట్ వాజ్ డైడ్’, ‘యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్’. మొన్న ఒకమ్మాయి రాసిన పేజీలో ‘పేషెంట్ వాజ్ వామిటెడ్’ చూసి సీనియర్ సిస్టర్ పెన్ను కింద పెట్టేసింది. వాంతి చేసుకున్నవాణ్ణే ఎవరో కక్కేశారన్నట్టు తయారైంది.

ఎస్వీయూ_హాస్టల్ · మధ్యాహ్నం 1:32

అది ఈజీ అక్కా. ఆబ్జెక్ట్ లేని క్రియకి పాసివ్ రాదు. డై, హాపెన్, అరైవ్, గో, కమ్, స్లీప్. ముందుకి తేవడానికి ఏదీ లేదు కదా. వామిట్‌కి ఆబ్జెక్ట్ ఉండొచ్చు, కానీ అప్పుడు ముందుకొచ్చేది రక్తమో అన్నమో, పేషెంట్ కాదు. ‘హ్యావ్’, ‘రిజెంబుల్’కి ఆబ్జెక్ట్ ఉన్నా పాసివ్ పనికిరాదు. ‘ఎ బైక్ ఈజ్ హ్యాడ్ బై మి’ అని ఎవరూ అనరు.

ఐవోరూ, నాకొక డౌట్. ‘షట్ ది డోర్’కి ‘లెట్ ది డోర్ బి షట్’ అని గైడ్లలో ఉంటుంది. ఎవరైనా అలా మాట్లాడతారా?

పాకాల_ఐవోరు · మధ్యాహ్నం 2:10

మాట్లాడరు. పరీక్షలో రాయి, ఇంట్లో అనొద్దు.

మామిడి_తోట · సాయంత్రం 4:40

మా అమ్మాయి ఈ చర్చ చూసి ఒక ప్రశ్న ఇచ్చింది. తిరుమలలో నేను గుండు చేయించుకుని వచ్చాక దాని ఫ్రెండ్‌కి ‘మై ఫాదర్ టాన్సర్డ్ హిజ్ హెడ్’ అని మెసేజ్ పెట్టిందంట. ఆ పిల్ల ‘కత్తి మీ నాన్నే పట్టాడా?’ అని అడిగిందంట.

పాకాల_ఐవోరు · సాయంత్రం 5:05

ఇందులో తెలుగే గొప్పది. కొట్టు, కొట్టించు, కొట్టించుకొను. ‘ఇంచు’ అంటే ఇంకొకరి చేత, ‘కొను’ అంటే నా కోసం. ఒక్క మాటలో కల్యాణకట్టలో కూర్చున్న దృశ్యం మొత్తం వచ్చేసింది. ఇంగ్లీషు దానికి మూడు ముక్కలు పేర్చాలి: ‘హి హ్యాడ్ హిజ్ హెడ్ షేవ్డ్’. హ్యావ్, తర్వాత వస్తువు, తర్వాత మూడో రూపం. దీన్ని పాసివ్‌కి పినతమ్ముడు అనుకోండి. గది విషయంలోనూ పనికొస్తుంది: ‘వి ఆర్ హ్యావింగ్ యువర్ రూమ్ క్లీన్డ్’, మేం చేయిస్తున్నాం. తెలుగులో ‘ఇంచుకున్నాను’ అని నోట్లో వచ్చిందంటే ఇంగ్లీషులో ‘హ్యావ్’ కోసం చూడండి. మాటల్లో ‘గెట్’ కూడా వాడతారు: ‘గాట్ మై హెయిర్ కట్’.

‘కొట్టించుకున్నాడు’కి పాసివ్ వాక్యం అడిగితే మా క్లాసులో ‘గుండు అతని చేత కొట్టించుకొనబడెను’ అని రాసిన పిల్లాడున్నాడు. వాడిప్పుడు తెలుగు లెక్చరర్.

చంద్రగిరి_కోట · సాయంత్రం 5:30

ఇంకొకటి కలపండి. మన కథల్లో ‘ట’ ఉంది చూడండి, ‘పూర్వం ఇక్కడ పెద్ద చెరువు ఉండేదట’. ఎవరు చెప్పారో అనవసరం. ఇంగ్లీషులో దానికి ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’, లేకపోతే ‘దేర్ ఈజ్ సెడ్ టు హావ్ బీన్’. మనకి ఒక్క అక్షరం, వాళ్లకి అరవాక్యం.

పుత్తూరు_కట్టు · సాయంత్రం 5:34

మా ఊళ్లో ఎముక విరిగితే ‘కట్టు కట్టించుకున్నా’ అంటాం. అంటే ‘ఐ హ్యాడ్ మై హ్యాండ్ బ్యాండేజ్డ్’. చెయ్యి ఎలా విరిగిందని అడిగితే ‘ఇట్ వాజ్ బ్రోకెన్’. బండి ఎవరు నడిపారో చెప్పను.

రాత్రి_డ్యూటీ · మరుసటి ఉదయం 5:48

అందరికీ థ్యాంక్స్. రాత్రంతా ఐవోరు చెప్పిన ప్రశ్న వేసుకుంటూనే ఉన్నా. కౌంటర్ మీద అతికించడానికి ఇవి రాశా, కాస్త చూడండి.

‘యువర్ రూమ్ ఈజ్ బీయింగ్ క్లీన్డ్.’
‘చెప్పల్స్ మస్ట్ బి లెఫ్ట్ అవుట్‌సైడ్.’
‘సెకండ్ ఫ్లోర్ ట్యాప్ ఈజ్ బీయింగ్ లీక్డ్.’
‘ది గీజర్ హాజ్ బీన్ రిపేర్డ్.’

పాకాల_ఐవోరు · ఉదయం 6:15

మొదటి రెండూ బాగున్నాయి. మూడోదాంట్లో జాగ్రత్త పడి పడి ఇవతలికి జారావు. కుళాయి కారుతోంది, దాన్ని ఎవరూ కార్చడం లేదు. ‘ఈజ్ లీకింగ్’ చాలు. ఆ లెక్కన ఈ విషయం కస్టమర్‌కి చెప్పడం కంటే ప్లంబర్‌కి చెప్పడం మేలు.

నాలుగోది గ్రామర్ సరే. గీజర్ నిజంగా రిపేర్ అయిందా?

రాత్రి_డ్యూటీ · ఉదయం 6:17

ఇంకా లేదు సార్. మెకానిక్ పదింటికల్లా చేసేస్తానన్నాడు.

పాకాల_ఐవోరు · ఉదయం 6:21

అయితే ‘విల్ బి రిపేర్డ్ బై టెన్’ అని మార్చు. ఈ ‘బై’ చేసేవాడి పేరు కాదు, గడువు. తొమ్మిదిన్నరకి మెకానిక్‌కి ఫోన్ చెయ్యి.